సైకాలజిస్టు జీతం ఎంత? ముందు లెక్క వేయాల్సింది గంటలు

"ఇండియాలో ఎమ్మెస్సీ సైకాలజీ చేశాను. పెళ్ళయి అమెరికా వచ్చి ఎనిమిదేళ్ళయింది. చిన్నది కూడా స్కూల్లో పడింది. ఇప్పుడు మొదలుపెడితే సైకాలజిస్టుని కాగలనా? జీతం ఎంత వస్తుంది?"

ఇక్కడి తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటి ప్రశ్న తరచూ కనిపిస్తూనే ఉంటుంది. కింద జవాబులు కూడా దాదాపు ఒకేలా ఉంటాయి. ఒకరు "లక్ష డాలర్లకి తక్కువ రాదు" అంటారు. ఇంకొకరు "పదేళ్ళు పడుతుంది, మానేయండి, క్యూఏ ట్రైనింగ్ తీసుకోండి" అంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. ఇద్దరూ చెప్పనిది మాత్రం ఒకటుంది. అమెరికాలో సైకాలజీ చదివినవాళ్ళు చేసే ఉద్యోగం ఒకటి కాదు, నాలుగైదు. ఒక్కోదానికి ఒక్కో లైసెన్సు, ఒక్కో జీతం, ఒక్కో కాలపరిమితి. మనలాంటి వాళ్ళకి అన్నిటికంటే పెద్ద అడ్డంకి చదువు కాదు, చదువయ్యాక పెద్దల పర్యవేక్షణలో చేయాల్సిన పని గంటలు. ఆ గంటలకీ మన వీసాకీ పొంతన కుదురుతుందా లేదా అన్నది చూసుకున్నాకే జీతం మాట.

పేర్లు ఒకటే, పనులు వేరు

ముందు పేర్ల గందరగోళం తీర్చుకుందాం. సైకియాట్రిస్టు అంటే మెడిసిన్ చదివిన డాక్టరు, మందులు రాస్తారు. సైకాలజిస్టు అంటే సాధారణంగా డాక్టరేట్ చేసి, రాష్ట్ర లైసెన్సు పొందినవారు. పరీక్షలు పెట్టి ఏడీహెచ్‌డీ, ఆటిజం, డిప్రెషన్ లాంటివి నిర్ధారిస్తారు, థెరపీ ఇస్తారు. కౌన్సెలరు, మ్యారేజ్ అండ్ ఫ్యామిలీ థెరపిస్టు, క్లినికల్ సోషల్ వర్కరు - ఈ ముగ్గురూ మాస్టర్స్‌తో లైసెన్సు పొందినవాళ్ళు. వీళ్ళు కూడా థెరపీ ఇస్తారు. మనం మామూలుగా "థెరపిస్టు దగ్గరికి వెళ్తున్నా" అంటే చాలాసార్లు వీళ్ళలో ఒకరి దగ్గరికే.

లైసెన్సు లేకుండా "నేను సైకాలజిస్టుని" అని బోర్డు పెట్టుకోవడం ఇక్కడ చట్టరీత్యా కుదరదు. మన ఉస్మానియా నుంచో, ఆంధ్ర యూనివర్సిటీ నుంచో, తిరుపతి వెంకటేశ్వర యూనివర్సిటీ నుంచో తెచ్చుకున్న ఎమ్మెస్సీ విలువైనదే. అయినా దానితో నేరుగా లైసెన్సు రాదు. ఇండియాలో కూడా క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే ఎమ్మెస్సీ ఒక్కటే చాలదు, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన శిక్షణ, రిజిస్ట్రేషన్ ఉండాలి. కాబట్టి ఇక్కడివాళ్ళు మనల్ని చిన్నచూపు చూస్తున్నారని నొచ్చుకోనక్కర్లేదు. మనిషి మనసుతో పని చేసేవాళ్ళని పరీక్షించకుండా వదలకూడదన్న నియమం రెండు చోట్లా ఉంది.

అంకెలు ఏం చెబుతున్నాయి?

అమెరికా కార్మిక గణాంకాల శాఖ 2024 మే నెల లెక్కల్లో ఇచ్చిన మధ్యస్థ వార్షిక జీతాలు ఇవి. మధ్యస్థం అంటే సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి అంతకంటే తక్కువ అని అర్థం.

- క్లినికల్, కౌన్సెలింగ్ సైకాలజిస్టులు: 95,830 డాలర్లు
- స్కూల్ సైకాలజిస్టులు: 86,930 డాలర్లు
- కంపెనీల్లో పనిచేసే ఇండస్ట్రియల్ ఆర్గనైజేషనల్ సైకాలజిస్టులు: 109,840 డాలర్లు
- మ్యారేజ్ అండ్ ఫ్యామిలీ థెరపిస్టులు: 63,780 డాలర్లు
- మెంటల్ హెల్త్ కౌన్సెలర్లు: 59,190 డాలర్లు

జీతంలో పైనున్నది సైకాలజిస్టులే. కొత్త ఉద్యోగాల వేగంలో మాత్రం కౌన్సెలర్లది పైచేయి. 2024 నుంచి 2034 మధ్య సైకాలజిస్టుల ఉద్యోగాలు 6 శాతం పెరుగుతాయని అదే శాఖ అంచనా. కౌన్సెలర్లవి 17 శాతం పెరుగుతాయని అంటోంది. దీనికి తోడు 2024 జనవరి 1 నుంచి కౌన్సెలర్లు, ఫ్యామిలీ థెరపిస్టులు కూడా మెడికేర్‌కి నేరుగా బిల్లు వేసుకోవచ్చు. అంతకుముందు పెద్దవాళ్ళకి థెరపీ ఇచ్చి మెడికేర్ నుంచి డబ్బు తీసుకునే వీలు వీళ్ళకి లేదు. అంటే పని దొరికే చోట్లు పెరిగాయి.

ఇంతవరకూ గూగుల్‌లో ఎవరికైనా దొరుకుతుంది. ఈ అంకెల వెనక ఎన్నేళ్ళు, ఎంత ఖర్చు ఉన్నాయో ఇప్పుడు చూద్దాం.

నాలుగు దారులు

మొదటిది డాక్టరేట్. పీహెచ్‌డీకి ఐదు నుంచి ఏడేళ్ళు పడుతుంది. మంచి యూనివర్సిటీలో సీటొస్తే చాలాచోట్ల ఫీజు మాఫీ చేసి స్టైపెండు కూడా ఇస్తారు, అందుకే పోటీ విపరీతంగా ఉంటుంది. సై.డీ. అనే ఇంకో డాక్టరేట్ ఉంది, అది పరిశోధన కంటే ప్రాక్టీసు మీద దృష్టి పెడుతుంది. అందులో సీటు కాస్త తేలిక, ఫీజు మాత్రం చాలాచోట్ల లక్ష డాలర్లు దాటుతుంది. రెండిట్లోనూ చివర్లో ఒక ఏడాది ఇంటర్న్‌షిప్ ఉంటుంది, అది దేశంలో ఎక్కడ వస్తే అక్కడికి వెళ్ళాలి. పిల్లల స్కూలు, ఆయన ఉద్యోగం ఇక్కడ, మీ ఇంటర్న్‌షిప్ మూడు రాష్ట్రాల అవతల - ఈ పరిస్థితికి ముందే సిద్ధపడాలి. ఆ తర్వాత ఈపీపీపీ పరీక్ష. చాలా రాష్ట్రాలు ఇంకా పర్యవేక్షణ గంటలు అడుగుతాయి. కాలిఫోర్నియాలో మొత్తం 3,000 గంటలు.

రెండోది కౌన్సెలింగ్ మాస్టర్స్. ఇప్పుడు చాలా రాష్ట్రాలు 60 క్రెడిట్లు అడుగుతున్నాయి. కోర్సుకి కేక్రెప్ గుర్తింపు ఉందా అని ముందే చూసుకోండి, రాష్ట్రం మారినప్పుడు అదే కాపాడుతుంది. ఆ గుర్తింపున్న కోర్సులో 100 గంటల ప్రాక్టికమ్, 600 గంటల ఇంటర్న్‌షిప్ ఉంటాయి. సాధారణంగా వీటికి జీతం ఉండదు. డిగ్రీ చేతికొచ్చాక అసోసియేట్ హోదాలో పర్యవేక్షణ గంటలు మొదలవుతాయి. టెక్సస్‌లో 3,000 గంటలు, అందులో 1,500 నేరుగా క్లయింట్లతో. అదీ 18 నెలల కంటే ముందు పూర్తి చేయడానికి వీల్లేదు. కాలిఫోర్నియాలో కూడా 3,000 గంటలు, కనీసం 104 వారాలు.

మూడోది స్కూల్ సైకాలజీ. దీని గురించి మనవాళ్ళు పెద్దగా మాట్లాడుకోరు. పిల్లలున్న తల్లులు మాత్రం మొదట చూడాల్సింది ఇదేనని నా అభిప్రాయం. డాక్టరేట్ అక్కర్లేదు. స్పెషలిస్ట్ డిగ్రీ అని 60 క్రెడిట్లకి పైగా ఉండే కోర్సు, చివర్లో 1,200 గంటల ఇంటర్న్‌షిప్, అందులో కనీసం సగం స్కూల్లోనే. డిగ్రీ అయ్యాక మళ్ళీ రెండేళ్ళ గంటలు లెక్కపెట్టుకునే పని చాలా రాష్ట్రాల్లో లేదు. పిల్లలకి సెలవులున్నప్పుడే మీకూ సెలవులు. 500 మంది విద్యార్థులకి ఒక స్కూల్ సైకాలజిస్టు ఉండాలని ఆ వృత్తి జాతీయ సంఘం చెబుతుంది. దేశం మొత్తం మీద చూస్తే ఒక్కొక్కరి మీద అంతకు రెట్టింపు మంది పడుతున్నారు. అంటే కొరత ఉంది. పని తేలికని కాదు. పరీక్షలు, రిపోర్టులు, ఐఈపీ మీటింగులు, కోపంతో వచ్చే తల్లిదండ్రులు - అన్నీ ఉంటాయి.

నాలుగోది ఇండస్ట్రియల్ ఆర్గనైజేషనల్ సైకాలజీ. ఉద్యోగుల ఎంపిక, శిక్షణ, సర్వేలు, పనితీరు కొలతలు ఇందులోకి వస్తాయి. హెచ్ఆర్‌లోనో డేటా ఎనాలిసిస్‌లోనో అనుభవం ఉన్నవారికి బాగా అతుకుతుంది. మాస్టర్స్‌తోనే కంపెనీల్లో ఉద్యోగాలుంటాయి, థెరపీ లైసెన్సు అవసరం రాదు. పైన చెప్పిన 109,840లో డాక్టరేట్ ఉన్నవాళ్ళు కూడా కలిసి ఉన్నారని మర్చిపోకండి, మొదటి ఏడాదే అంత రాదు.

వీసా దగ్గర చిక్కుముడి

అసలు లెక్క ఇక్కడుంది. సిటిజన్, గ్రీన్ కార్డు ఉన్నవారు ఈ భాగం దాటేసి ముందుకెళ్ళచ్చు.

హెచ్-4 మీద చదువుకోవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పని చేయడానికి మాత్రం ఈఏడీ ఉండాలి. భర్తకి ఐ-140 ఆమోదం వచ్చి ఉంటే 2015 మే నుంచి హెచ్-4 వాళ్ళకి ఈఏడీ అడిగే వీలుంది. అది చేతిలో ఉంటే ప్రాక్టికమ్‌కీ, ఇంటర్న్‌షిప్‌కీ, అసోసియేట్ ఉద్యోగానికీ అడ్డు లేదు. పునరుద్ధరణ ఆలస్యమైతే మధ్యలో పని ఆపాల్సి రావచ్చు, అది ముందే మనసులో పెట్టుకోండి.

ఈఏడీ లేకపోతే? "జీతం తీసుకోను కదా, ఊరికే చేస్తాను" అని చాలామంది అనుకుంటారు. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. మామూలుగా జీతమిచ్చి చేయించుకునే పనిని మీరు ఉచితంగా చేసినా అది ఉద్యోగం కిందికే రావచ్చు. క్లినిక్‌లో అడుగు పెట్టేముందు ఇమిగ్రేషన్ లాయరుతో ఒకసారి మాట్లాడండి. ఆ ఫీజు వృథా కాదు.

ఎఫ్-1కి మారితే చదువులో భాగమైన ప్రాక్టికమ్ సీపీటీ మీద చేసుకోవచ్చు. డిగ్రీ అయ్యాక ఓపీటీ 12 నెలలు. ఇప్పుడు పైన చెప్పిన అంకెల్ని దీని పక్కన పెట్టి చూడండి. టెక్సస్‌లో గంటలకి కనీసం 18 నెలలు, కాలిఫోర్నియాలో కనీసం 104 వారాలు. ఓపీటీ 12 నెలలే. కౌన్సెలింగ్, క్లినికల్ సైకాలజీ డిగ్రీలు స్టెమ్ జాబితాలో లేవు, కాబట్టి ఐటీ వాళ్ళకి దొరికే 24 నెలల పొడిగింపు వీళ్ళకి లేదు. డిగ్రీ ఉంటుంది, పరీక్ష పాసై ఉంటారు, గంటలు సగంలో ఉండగానే పని అనుమతి అయిపోతుంది. కాలేజీ ప్రకటనల్లో ఈ సంగతి కనిపించదు.

నాలుగు దారుల్లో ఒక్క ఇండస్ట్రియల్ ఆర్గనైజేషనల్ సైకాలజీని మాత్రం 2022 జనవరిలో స్టెమ్ జాబితాలో చేర్చారు. ఎఫ్-1 మీద చదివితే 12 నెలల తర్వాత ఇంకో 24 నెలలు పని చేసుకునే వీలుంది.

సోషల్ సెక్యూరిటీ నంబరు లేనివారికి ఇంకో చిక్కు. లైసెన్సు దరఖాస్తులో చాలా రాష్ట్రాలు ఆ నంబరు అడుగుతాయి. కాలిఫోర్నియా మాత్రం 2014లో చేసిన చట్టం ప్రకారం దానికి బదులు ఐటిన్ తీసుకుంటుంది. మీ రాష్ట్ర బోర్డు ఏమంటుందో సీటు తీసుకోక ముందే అడగండి.

ఒక ఇంటి లెక్క

34 ఏళ్ళ ఒక ఇల్లాలిని ఊహించుకుందాం. ఈఏడీ ఉంది, ఇద్దరు పిల్లలు, డాలస్ పక్కన ఇల్లు. కౌన్సెలింగ్ మాస్టర్స్ పార్ట్‌టైమ్‌గా మూడేళ్ళలో చేయాలనుకుంటోంది. క్రెడిట్‌కి 600 డాలర్లనుకుంటే 60 క్రెడిట్లకి 36,000. పుస్తకాలు, పరీక్ష ఫీజులు, చిన్నదాని ఆఫ్టర్ స్కూల్ ఖర్చు వేరు. ఇంటర్న్‌షిప్ ఏడాది ఆదాయం సున్నా. ఆ తర్వాత వారానికి 30 గంటల చొప్పున చేస్తే 3,000 గంటలకి 100 వారాలు, అంటే రెండేళ్ళు. ఆ రెండేళ్ళూ అసోసియేట్ జీతమే, అందులోంచే కొందరు తమ సూపర్‌వైజరుకి ఫీజు కట్టుకోవాలి కూడా. పూర్తి లైసెన్సు వచ్చేసరికి 39 ఏళ్ళు.

"చదవకపోయినా 39 వస్తాయి కదా" అని ధైర్యం చెప్పేవాళ్ళుంటారు. వస్తాయి, నిజమే. కానీ అప్పు లేకుండా వస్తాయి. కాబట్టి ధైర్యం ఒక్కటే చాలదు, ఇంట్లో కూర్చుని కాగితం మీద ఈ లెక్క వేసుకోవాలి. ఆ ఐదేళ్ళలో సాయంత్రాలు వంట ఎవరు చేస్తారు, పిల్లలకి జ్వరమొస్తే ఎవరు సెలవు పెడతారు అన్నది కూడా ఆ కాగితం మీదే రాయాలి. ఫెడరల్ విద్యారుణం హెచ్-4, ఎఫ్-1 వాళ్ళకి రాదు, అదీ రాసుకోండి.

లైసెన్సు వచ్చాక సొంత ప్రాక్టీసు పెట్టుకోవచ్చు, గంటకి ఇంత అని ఫీజు తీసుకోవచ్చు. ఆ ఫీజుని వారానికి 40తో గుణించి మురిసిపోకండి. థెరపిస్టు రోజంతా క్లయింట్లని చూస్తూ కూర్చోలేరు. నోట్సు రాయాలి, ఇన్సూరెన్సు కంపెనీలతో తిప్పలు పడాలి, చివరి నిమిషంలో రద్దయ్యే అపాయింట్‌మెంట్లుంటాయి. ఇన్సూరెన్సు ఇచ్చేది మీరు చెప్పిన ఫీజు కంటే తక్కువే ఉంటుంది. సొంత ప్రాక్టీసులో సెలవులకి జీతం లేదు.

ఇంత పెద్ద అడుగు వేసేముందు ఈ పని మనకి సరిపడుతుందా అని తెలుసుకోవడానికి ఒక చిన్న దారి ఉంది. ఆటిజం ఉన్న పిల్లలతో పనిచేసే రిజిస్టర్డ్ బిహేవియర్ టెక్నీషియన్. 18 ఏళ్ళు నిండి ఉండాలి, హైస్కూలు చదువు, 40 గంటల శిక్షణ, పరీక్ష కావాలి. జీతం గంటల చొప్పున, పెద్దగా ఉండదు. కానీ ఆర్నెల్లు చేస్తే ఈ రంగం మీకు పడుతుందో లేదో తెలిసిపోతుంది. దీనికీ పని అనుమతి తప్పనిసరి.

రాష్ట్రం మారితే?

మన కుటుంబాల్లో ఉద్యోగం కోసం రాష్ట్రాలు మారడం మామూలే. లైసెన్సు మాత్రం రాష్ట్రానిదే. ఆన్‌లైన్ థెరపీలో కూడా మీరెక్కడున్నారన్నదే కాదు, క్లయింటు ఎక్కడ కూర్చుని మాట్లాడుతున్నారన్నదీ లెక్కే. న్యూజెర్సీ లైసెన్సుతో జార్జియాలో ఉన్న వదినగారి స్నేహితురాలికి థెరపీ ఇవ్వడానికి అందరికీ వీలుండదు. డాక్టరేట్ ఉన్న సైకాలజిస్టుల కోసం సైప్యాక్ట్ అనే ఒప్పందం ఉంది, 40కి పైగా రాష్ట్రాలు అందులో చేరాయి, కాలిఫోర్నియా చేరలేదు. కౌన్సెలర్లకి కూడా అలాంటి ఒప్పందం మెల్లగా అమల్లోకి వస్తోంది.

యూకేలో ఉన్నవారికి

అక్కడ పద్ధతి వేరు. "క్లినికల్ సైకాలజిస్టు" అన్న పేరు వాడాలంటే హెచ్‌సీపీసీలో నమోదు కావాలి. దానికి మూడేళ్ళ డాక్టరేట్. ఎన్‌హెచ్‌ఎస్ నిధులతో సీటు వస్తే ఫీజు కట్టనక్కర్లేదు, పైగా బ్యాండ్ 6 జీతం ఇస్తారు. 2025-26లో ఇంగ్లండ్‌లో అది 38,682 పౌండ్ల దగ్గర మొదలవుతుంది. చదువు పూర్తయ్యాక బ్యాండ్ 7, మొదలు 47,810 పౌండ్లు. ఇంత బాగుంది కాబట్టే పోటీ తీవ్రం, పైగా ఆ నిధుల సీట్లకి సాధారణంగా హోమ్ ఫీజు అర్హత అడుగుతారు. డిపెండెంట్ వీసాలో ఉన్నవాళ్ళు స్థిరనివాసం వచ్చేదాకా అసిస్టెంట్ సైకాలజిస్టు లాంటి ఉద్యోగాల్లో అనుభవం కూడబెట్టుకోవడం ఒక పద్ధతి.

తెలుగు రావడం కూడా అర్హతే

అమ్మానాన్నలు ఆర్నెల్లు ఉండటానికి వస్తారు. నాన్నగారికి నిద్ర పట్టదు, అమ్మకి "గుండెల్లో దడ", "ఒళ్ళంతా మంట", "తలంతా దిమ్ము". అన్ని పరీక్షలూ మామూలుగానే వస్తాయి. ఈ మాటల వెనక దిగులు ఉండొచ్చని పట్టుకోవడానికి ఇంగ్లీషు ఒక్కటే వస్తే చాలదు. బాలింతకి తన బాధ పుట్టింటివాళ్ళతో చెప్పుకోలేని ఇబ్బంది, హెచ్-4 మీద ఏళ్ళ తరబడి ఇంట్లో ఉండిపోయిన చదువుకున్న ఆడపిల్ల నిరాశ, అత్తగారికీ కోడలికీ మధ్య నలిగే మాట - ఇవి విడమరచి చెప్పకుండానే అర్థమయ్యే థెరపిస్టు కోసం మనవాళ్ళు వెతుక్కుంటున్నారు.

దీనికీ ఓ ఇబ్బంది ఉంది. మనది చిన్న లోకం. క్లయింటుగా వచ్చినావిడే ఆదివారం గుళ్ళో పులిహోర వడ్డిస్తూ ఎదురవుతుంది. స్నేహితులకీ బంధువులకీ థెరపీ ఇవ్వకూడదన్నది వృత్తి నియమం, విన్నది ఇంట్లో భర్తతో కూడా అనకూడదన్నది చట్టం. "నీకు తెలుసు కదా, ఆవిడ సంగతేంటి?" అని పార్టీలో ఎవరైనా అడిగితే మొహమాటం లేకుండా మాట మార్చేయగలగాలి. అది చేతకాకపోతే ఎంత తెలివి ఉన్నా ఈ వృత్తిలో నిలవడం కష్టం.

ఈ వారం చేయగలిగినవి

మీ రాష్ట్ర లైసెన్సు బోర్డు వెబ్‌సైటులో గంటల నియమం చదివి, ఒక కాగితం మీద రాసుకోండి. దాని పక్కనే మీ ఈఏడీ లేదా ఓపీటీ ఎన్నాళ్ళుంటుందో రాయండి. మొదటి అంకె రెండోదానికంటే పెద్దదైతే దారి మార్చాలి, లేదా గ్రీన్ కార్డు వచ్చేదాకా చదువు ఒక్కటే మెల్లగా సాగించాలి. మీ ఇండియా మార్కుల లిస్టులు గుర్తింపున్న సంస్థతో మూల్యాంకనం చేయించండి, కొన్ని క్రెడిట్లు కలిసి రావచ్చు. మీరు చూస్తున్న కాలేజీని మూడు ప్రశ్నలడగండి: గుర్తింపు ఉందా, ఇంటర్న్‌షిప్ మీరే ఇప్పిస్తారా, నా వీసా మీద చదివి మా రాష్ట్రంలో లైసెన్సు తెచ్చుకున్నవారు ఎవరైనా ఉన్నారా? మూడో ప్రశ్నకి తడబడితే ఫీజు కట్టకండి.

ఈ లెక్కంతా వేశాక కూడా కుదురుతుందనిపిస్తే, మొదలుపెట్టండి. జీతం నెమ్మదిగా వస్తుంది, ఐటీ అంత రాకపోవచ్చు. కానీ ఈ పనిలో వయసు బరువు కాదు. పిల్లల్ని పెంచిన, ఊరు వదిలి వచ్చిన, నాలుగు కష్టాలు చూసిన నలభై ఏళ్ళ మనిషి ఎదురుగా కూర్చుంటే క్లయింటుకి నమ్మకం కలుగుతుంది. ఆ నమ్మకం మీద కట్టుకునే ఉద్యోగం అరవై దాటాక కూడా చేసుకోవచ్చు.